ముక్కు దగ్గర సందు

నేను ఒక గంతని. కళ్ళకి కట్టే నల్లగుడ్డని. అప్పుడే నవ్వకండి. "వాడు జనం కళ్ళకి గంతలు కట్టాడండీ" అని మీరు ఎవరిని తిట్టినా మధ్యలో పరువు పోయేది నాకే. మోసం చేసేది మనిషి, తిట్లు తినేది గుడ్డ! అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. అసలు మా వంశం చేసిన పాపమేంటి? గానుగెద్దుకి కళ్ళు తిరక్కుండా కాపాడింది మా ముత్తాతలు. కోర్టులో తక్కెడ పట్టుకుని నిలబడే అమ్మవారి కళ్ళ మీద ఉన్నది మా పెద్దమ్మ. చూపు ఆపమంటే ఆపుతాం. అంతే మా పని. ఆ పనిలో అబద్ధమాడిన గంత మా ఇంటా వంటా లేదు. అలాంటి నన్ను ఇవాళ అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, పక్కన అట్టముక్క మీద ఎర్ర అక్షరాలతో "మోసపు గంత" అని రాసి, ఊరూరా స్కూళ్ళలో తిప్పుతున్నారు. నా గోడు వినే నాథుడు లేడు. మీరైనా వినండి.

నేను పుట్టింది భీమవరంలో, కోర్టుకెళ్ళే దారిలో ఖాసిం గారి టైలర్ షాపులో. లాయర్ల కోట్లు కుట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఓ పెద్ద లాయరు గారి కోటుకి మిగిలిన గుడ్డతో నన్ను కుట్టాడు. వట్టి గుడ్డపేలిక అనుకునేరు! మూడు పొరలు, మధ్యలో దూది, ముక్కుకి అటూ ఇటూ వెలుగు దూరకుండా రెండు బుల్లి దిళ్ళు. కుట్టడం అయ్యాక తనే కట్టుకుని చూసుకున్నాడు. రెండడుగులు వేశాడో లేదో బల్ల కోడు తగిలి మోకాలు కమిలిపోయింది. మోకాలు రుద్దుకుంటూనే "శభాష్! గంతంటే ఇదీ" అన్నాడు. నాకు దక్కిన మొదటి మెప్పు అది. ఇక మీదట అన్నీ ఇలాంటి రోజులే అనుకున్నాను, వెర్రిదాన్ని.

నన్ను కుట్టించుకున్నాయన పేరు చెప్పను. లాయరు కోటు గుడ్డని కదా, పరువునష్టం దావాల సంగతి నాకూ కొంచెం తెలుసు. అందరూ మాస్టారు అనేవారు, నేనూ అలాగే అంటాను. బస్టాండు వెనకాల మేడ మీద, పిల్లలకి మూడో కన్ను తెరిపిస్తానని బోర్డు కట్టాడు. వేసవి సెలవుల్లో చేరిస్తే చాలు, పిల్లలు కళ్ళకి గంత కట్టుకుని పుస్తకాలు చదివేస్తారట, రంగులు చెప్పేస్తారట. జనం తిరణాలకి వచ్చినట్టు వచ్చారు. ఉన్న రెండు కళ్ళతో పుస్తకం తెరవని వెధవ మూడోదానితో తెరుస్తాడా అని ఒక్క తండ్రి అడిగితే ఒట్టు!

మాస్టారు నన్ను తెచ్చిన రోజునే తలుపేసుకుని కట్టుకుని చూశాడు. ఏం కనపడుతుంది? చీకటి. ఆయన ముఖం వాడిపోయింది. బ్లేడు తీశాడు. నా ముక్కు దగ్గర కుట్లు ఒక్కొక్కటే తెంపి, దిళ్ళలోంచి దూది లాగి, చెత్తబుట్టలో పారేశాడు. ఆ పళంగా నేను గంతని కాకుండా పోయాను. నలుగురిలో గౌరవంగా బతుకుతున్నదాని చీర లాగినట్టు ఉండదూ? పైనుంచి చూస్తే గట్టి గంతనే, కింద మాత్రం సందు. నాలాంటి గంతలు ఇంకో డజను కుట్టించి అన్నిటికీ అదే గతి పట్టించాడు.

ఆ తర్వాత పిల్లలకి పాఠం మొదలైంది. "గడ్డం పైకెత్తండమ్మా. కార్డు ముక్కు దగ్గర పెట్టుకోండి. వాసన చూడండి. వాసనని బట్టి రంగు తెలిసిపోద్ది." రంగుకి వాసనేంటండీ, ఎరుపు ఏమన్నా ఎండురొయ్యా? గడ్డం ఎత్తితే సందులోంచి కార్డు కనపడుతుంది, అదీ కిటుకు. చూడమని మాత్రం ఆయన నోటితో ఎప్పుడూ అనడు. "కింద ఏదో వెలుగు వస్తది, రానివ్వండి. అదే మూడో కన్ను" అనేవాడు. వెలుగు రాలేదన్న పిల్లని అందరి ముందూ మొద్దు అనేవాడు. మొద్దు అనిపించుకోవడం ఏ పిల్లకి ఇష్టం? పాపం, పసివాళ్ళు చూసి చెప్పేవారు. కట్టుకున్న వాళ్ళ కనురెప్పలు నాకు తగులుతాయి కదా, నా కింద అవి తప్పు చేసిన పిచికల్లా కొట్టుకునేవి. బయట మాత్రం తల్లులు చప్పట్లు కొట్టేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటప్పుడు తాయారు వచ్చింది.

అసలు పేరు మంగతాయారు. నాయనమ్మ పేరు. తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న సుబ్బారాయుడు గారు ఆర్టీసీలో డ్రైవరు. ఆ పిల్లకి ఇక్కడికి రావాలని లేదు. పక్కింటి హిమబిందు వస్తోందని, తోడుగా పంపారు. బిందు వాళ్ళ నాన్న బంగార్రాజు గారికి ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఈ బిందు సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని కళ్ళల్లోనే ఉంది.

మొదటి రోజు తాయారుకి నన్ను కట్టారు. అలవాటు ప్రకారం, ఇప్పుడు రెప్పలు కొట్టుకుంటాయి, గడ్డం లేస్తుంది అని ఏవగింపుగా ఎదురు చూస్తున్నాను. రెప్పలు కదల్లేదు. గట్టిగా, ప్రశాంతంగా మూసుకుని ఉన్నాయి. గడ్డం లేవలేదు. విస్తరి ముందు అన్నం కలుపుకుంటున్న మనిషిలా తల దించుకుని కూర్చుంది. కార్డు ఒళ్ళో బోర్లా ఉంది. "నీలం అండీ. మీద తెల్ల బాతు" అంది. తిప్పి చూస్తే నీలం, తెల్ల బాతు. నా పొరలన్నీ ఝల్లుమన్నాయి. అందరి రెప్పలూ తగిలిన దాన్ని నేను. ఆ పిల్ల చూడలేదు. కానీ ఆ పిల్లకి కనపడింది!

తాయారుకీ అది కొత్తే. గంత విప్పాక అరచేతులు చూసుకుంటూ కూర్చుండిపోయింది. ఎవరూ లేనప్పుడు నన్ను మళ్ళీ కట్టుకుని, జామకాయ చేతిలో పట్టుకుని లోపలి గింజలు చూసుకునేది, గోడ అవతల పిల్లి ఎటు పోతోందో చూసుకునేది. గంత తీస్తే మామూలు చూపే. నేనుంటేనే ఆ చూపు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. దూది పీకించుకుని సిగ్గుతో బతుకుతున్న నాకు ఆ పిల్ల ముఖం మీద ఉన్నప్పుడే మళ్ళీ గంతననిపించేది.

తమాషా ఏంటంటే, అది నిజమని తెలిసి హడలిపోయింది ఒక్క మాస్టారే. రోజూ అబద్ధాన్ని అమ్ముకుంటున్న మనిషి కదా, నిజం ఎదురొస్తే తట్టుకోలేకపోయాడు. ఓ సాయంత్రం తాయారుని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, కార్డు తన వీపు వెనక పెట్టుకుని అడిగాడు. "కొబ్బరిచెట్టు బొమ్మండీ. మీ చొక్కా కాలరు వెనక జేబురుమాలు కూడా దోపుకున్నారండీ" అంది తాయారు. ఆయన చెమటలు తుడుచుకోవడానికి ఆ రుమాలే తీశాడు. కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత ఇంత ముఖం చేసుకుని వచ్చి, "అమ్మా తాయారూ, మన ప్రదర్శన రోజున చివర్లో నువ్వే. నువ్వే నా పరువు నిలబెట్టాలి" అన్నాడు. గిల్టు నగల కొట్టువాడికి అసలు బంగారం దొరికితే ఏం చేస్తాడు? ముందు వరసలో పెట్టి, వెనకాల పాతవే అమ్ముకుంటాడు.

ఇక బిందు. దానికి నా సందులోంచి కూడా ఏమీ కనపడేది కాదు. మాస్టారు మొద్దుల్లో కలిపేశాడు. ఓ రోజు తాయారు నన్ను కట్టుకుని పక్కకి తిరిగి, ఉలిక్కిపడింది.

"ఏమేవ్ బిందూ, నీ కళ్ళల్లో మీగడ కట్టిందేంటే?"

"డాక్టరు గారు కూడా అదే అన్నారే," అంది బిందు నెమ్మదిగా. "శుక్లాలంట. పిల్లలక్కూడా వస్తాయంట. సెలవుల్లోనే ఆపరేషన్ చేయించెయ్యాలి, ముదరనిస్తే కష్టం అన్నారు. మా నాన్నే ఒప్పుకోవట్లేదు. కంట్లో కత్తి అంటే ఆయనకి వణుకు."

చెరువులో వైరస్ వచ్చి రొయ్య రొయ్యా తేలిపోయినా చలించని మనిషి బంగార్రాజు గారు. ఒక్కగానొక్క కూతురి కంటి మీద కత్తి పడుతుందంటే మాత్రం అన్నం ముట్టేవాడు కాదట. ఆ భయాన్నే మాస్టారు పట్టుకున్నాడు. "ఆపరేషనెందుకండీ రాజుగారూ? మూడో కన్ను తెరుచుకుంటే ఈ రెండిటితో పనేముంది? మన తాయారుని చూడట్లేదా?" అన్నాడు. ఎంత మాట! నేను గుడ్డని అయిపోయాను గానీ, నోరుంటే ఆ మేడ కప్పు ఎగిరిపోయేలా కేక పెట్టేదాన్ని.

మర్నాడు రాజుగారు కూతుర్ని దింపడానికి వచ్చినప్పుడు తాయారే ధైర్యం చేసి వెళ్ళింది. "రాజుగారండీ, బిందుని ఆస్పత్రికి తీసుకెళ్ళండి. రోజురోజుకీ ఎక్కువైపోతందండీ. నాకు కనపడతందండీ" అంది. ఆయన దాని తల నిమిరి, కళ్ళు చెమర్చుకుని, "కళ్ళు కట్టుకుని నీకింత కనపడతంది కదమ్మా! నీకు తెరుచుకున్న కన్ను మా బిందుకి తెరుచుకోదా ఏంటి? ప్రదర్శనలో నువ్వు చెప్పేసెయ్, ఇక నేను ఆ ఆస్పత్రి వైపే చూడను" అన్నాడు. ఏం చెప్పాలి ఆ పిచ్చి తండ్రికి? తను చూసిన నిజమే తన స్నేహితురాలి కళ్ళకి అడ్డం వచ్చి కూర్చుందని ఆ పూటే తాయారుకి అర్థమైంది. నన్ను చేతిలో ముడుచుకుని, పక్కనున్న పిల్లలు పిలిచినా పలకకుండా ఇంటిదారి పట్టింది. ఆ తర్వాత నన్ను సరదాకి ఎప్పుడూ కట్టుకోలేదు.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. కల్యాణమండపం నిండిపోయింది. ముందు వరసలో బంగార్రాజు గారు, పక్కన బిందు. ఇటు పక్క డ్యూటీ బట్టల్లోనే వచ్చేసిన సుబ్బారాయుడు గారు, అందరికీ "మా అమ్మాయేనండీ" అని చెప్పుకుంటూ. పిల్లలు వరసగా వచ్చి, గడ్డాలెత్తి, వాసనలు చూసి, రంగులు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. అంతలో వెనక వరసలోంచి విజయకుమారి గారని ఓ సైన్సు టీచరు లేచారు. చేతిలో టిఫిన్ డబ్బా.

"మాస్టారండీ, చిన్న మనవి. గంత కట్టేముందు పిల్లల కళ్ళ మీద ఈ చపాతీ పిండి అద్దుతానండీ. మూడో కన్ను నుదుటి మీదే కదా, దానికేం అడ్డం?"

జనం "బాగుంది, కానివ్వండి" అన్నారు. మాస్టారు కాదనలేకపోయాడు. మొదటి పిల్లకి పిండి అద్దారు. గడ్డం ఎంత ఎత్తినా చీకటే. ఏడ్చేసింది. రెండో వాడు ఎరుపుని పచ్చ అన్నాడు. జనంలో గుసగుస మొదలై గోల అయింది. టీచరు గారు నన్ను పైకెత్తి, సందులో వేలు దూర్చి అందరికీ చూపించారు. "ఇదండీ మూడో కన్ను!" నవ్వులు. ఆవిడ మంచి పనే చేశారు, కాదనను. కానీ ఆ సందు నాది కాదు తల్లీ, బ్లేడు పట్టుకున్నవాడు నీ పక్కనే ఉన్నాడు, ఆయన్నెత్తి చూపించు అని మొత్తుకున్నాను. వింటేగా.

మాస్టారు రెండు చేతులూ ఎత్తాడు. "ఆగండి! చిన్నపిల్లలు, కంగారుపడ్డారు. ఒక్క అమ్మాయిని చూడండి. పిండి కాదు, సిమెంటు అద్దుకోండి. ఈ అమ్మాయి చెప్పకపోతే నేను బోర్డు తిప్పేస్తాను. తాయారూ, రామ్మా!"

తాయారు వచ్చి కూర్చుంది. పిండి అద్దారు. పైన నన్ను కట్టారు. టీచరు గారు నాలుగడుగులు వెనక్కెళ్ళి, కార్డుని గుండెకి ఆనించి బొమ్మ తనవైపు పెట్టుకున్నారు. ముందు వరసలోంచి బంగార్రాజు గారి గొంతు వినపడింది. "చెప్పెయ్ తల్లీ. నువ్వు చెబితే మా బిందుకి కత్తి గండం తప్పుతుంది."

తాయారు తల అటు తిరిగింది. కార్డు వైపు కాదు, బిందు వైపు. పిండి కింద నుంచి తడి ఊరి నా పొరల్లోకి దిగింది.

"తెలీదండీ," అంది. "నాకేం కనపట్లేదండీ."

"తాయారూ!" అని అరిచాడు మాస్టారు.

"మేమంతా ముక్కు దగ్గర సందులోంచే చూస్తామండీ. నేనూ అంతేనండీ. మూడో కన్నూ లేదు, ఏమీ లేదు. రాజుగారండీ, మా మాట నమ్మకండి. డాక్టరు గారి మాట నమ్మండి."

అబద్ధం! పచ్చి అబద్ధం! ఆ మండపంలో ఆ రోజు నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకు నోరు లేదు. కుర్చీలు లేచాయి. "దొంగపిల్ల" అని ఎవరో అరిచారు. తాయారు వాళ్ళ నాన్న విసురుగా వచ్చి నన్ను దాని ముఖం మీద నుంచి లాగాడు. పెదాల మీదుగా జారుతుంటే నాకొక్కదానికే వినపడేలా తాయారు "చిలక" అంది. అప్పుడే టీచరు గారు కార్డు తిప్పి జనానికి చూపించారు. పచ్చటి చిలక.

మాస్టారు బోర్డు తిప్పలేదు, బోర్డు పట్టుకుని పారిపోయాడు. ఇంకో ఊళ్ళో జ్ఞాపకశక్తి నేర్పుతున్నాడట. జనానికి అదే ఉంటే మళ్ళీ ఆయన దగ్గరికే ఎందుకు వెళ్తారు లెండి. నన్ను మాత్రం టీచరు గారు పెట్టెలో పెట్టి, అట్టముక్క తగిలించారు. చేసినవాడు హాయిగా ఉన్నాడు, సాక్ష్యం చెప్పాల్సిన నాకు జైలు. ఇదండీ మీ న్యాయం!

అలా తిరిగి తిరిగి, వానలు తగ్గాక ఓ రోజు తాయారు వాళ్ళ హైస్కూలుకే వచ్చాను. సైన్సు ప్రదర్శన. పిల్లలు వచ్చి, నన్ను చూసి, "సందు తాయారు, సందు తాయారు" అని పాట అందుకున్నారు. ఆ పిల్లకి బళ్ళో పెట్టిన పేరట అది! వాళ్ళ నాన్న బస్సెక్కిన వాళ్ళు కూడా "సుబ్బారాయుడూ, నువ్వు మాత్రం కళ్ళు తెరుచుకునే తోలు" అని ఎగతాళి చేస్తున్నారట. ఆ పిల్ల కాలిగోటికి సరిపోతారా వీళ్ళంతా?

ఇంటర్వెల్ అయ్యాక గది ఖాళీ అయింది. టీచరు గారు టీకి వెళ్ళారు. ఇద్దరమ్మాయిలు లోపలికొచ్చారు. ఒకతె కళ్ళద్దాలు పెట్టుకుని, గుమ్మం దగ్గరే ఆగి, "మో-స-పు గంత" అని చదివింది.

"అంత దూరం నుంచే చదివేశావే బిందూ!" అంది తాయారు. ఆ గొంతులో ఎంత సంతోషమో! బిందు మాత్రం నవ్వలేదు. తిన్నగా వచ్చి పెట్టె మూత తీసింది.

"నాకో అనుమానం ఉండిపోయిందే. మేమంతా గడ్డాలెత్తి చెప్పేవాళ్ళం. నాకప్పుడు సరిగ్గా కనపడేది కాదు గానీ చెవులున్నాయి కదా. నీ గొంతు ఎప్పుడూ కింద నుంచే వచ్చేది. నువ్వు తలే ఎత్తలేదు."

బిందు తన సంచిలోంచి కంటి చుక్కల సీసా పక్కనున్న దూది పొట్లం తీసింది. దూది తుంచి, ఖాళీగా వేలాడుతున్న నా దిళ్ళలోకి వేలితో కూరింది, ఓ పక్క, ఇంకో పక్క. ఖాసిం గారి చెయ్యి తగిలినట్టుంది నాకు! తర్వాత నన్ను తాయారు కళ్ళకి కట్టి, ముందు కూర్చుంది.

"ఇప్పుడు సందు లేదు. చెప్పవే, ఏం కనపడతంది?"

తాయారు రెప్పలు నా కింద కదలకుండా ఉన్నాయి, మొదటి రోజులాగే.

"నీ కంట్లో మీగడ లేదే," అంది. "దాని బదులు డాక్టరు గారు పెట్టిన అద్దం బిళ్ళొకటి ఉంది. కందిబద్దంత. భలే తళతళలాడతంది."

బిందు నోటి మీద చెయ్యి పెట్టుకుని భోరుమంది. "చుక్కలేసుకుని ఏడవకూడదే పిచ్చిమొహమా" అని తాయారు కేకలేసింది.

"ఇప్పుడే వెళ్ళి అందరికీ చెప్తాను. మీ నాన్నకి, మా నాన్నకి, ఆ పాట పాడేవాళ్ళందరికీ!"

"చెప్తే ఏమవుద్దే? రేపు ఇంకెవడో బోర్డు కడతాడు. ఇంకో బిందు వాళ్ళ నాన్న ఆస్పత్రి మానేస్తాడు. ఊరుకో. నువ్వు నమ్మావుగా, చాలు."

నాకు చాల్లేదు! ఇప్పటికీ చాల్లేదు. ఆ పిల్ల ఓర్చుకుందని నేనూ ఓర్చుకోవాలా? పాటలు పాడిన నోళ్ళన్నీ ఒకనాడు దాని ముందు మూతపడాలని నా కోరిక. గంట కొట్టారు. నన్ను విప్పి, చెంపకి ఓసారి ఆనించుకుని, తాయారు పెట్టెలో పెట్టింది. బిందు మూత వేసింది. దూది మాత్రం తియ్యలేదు.

తర్వాతి వారం ఇంకో ఊరు, ఇంకో బడి. టీచరు గారు ఎప్పటిలాగే ఉపన్యాసం ఇచ్చి, ముందు బెంచీలోని ఓ గడుగ్గాయికి నన్ను కట్టారు. "గడ్డం ఎత్తు బాబూ. చూశారా పిల్లలూ, ఈ సందులోంచి అంతా కనపడుతుంది. చెప్పు, నా చేతిలో ఏముంది?"

వాడు గడ్డం ఎత్తాడు. ఇంకా ఎత్తాడు. మెడ విరిగేలా ఎత్తాడు.

"టీచర్, ఏం కనపట్లేదండీ!"

కనపడదు నాయనా. నేను గంతని.